ఎక్స్‌పోర్ట్ మధ్యలో సిస్టమ్ ఆగిపోతోంది, ప్రాసెసర్ 100 డిగ్రీలు చూపిస్తోంది. కూలర్ మార్చాలా?

డాబా ఎడిటర్, హన్మకొండ

అందరికీ నమస్తే. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఇప్పుడు లగ్గాల సీజన్, చేతిలో పని మస్తుగా ఉంది, సరిగ్గా ఇప్పుడే సిస్టమ్ సతాయిస్తోంది. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోర్ట్ పెట్టి అన్నం తిని వచ్చేసరికి ఆఫ్ అయి ఉంటుంది. బ్లూ స్క్రీన్ లేదు, ఎర్రర్ లేదు, హ్యాంగ్ అవ్వడం లేదు, ఎవరో ప్లగ్గు పీకేసినట్టు టప్‌మని ఆగుతుంది. ఆగాక ముందున్న పవర్ బటన్ ఎంత నొక్కినా ఉలకదు పలకదు, వెనకాల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) స్విచ్ ఆపి కాసేపు ఆగి వేస్తేనే మళ్లీ లేస్తుంది.

సిస్టమ్ నేనూ మా బావమరిదీ కలిసి ఇంట్లోనే బిగించాం. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5 12400ఎఫ్, హెచ్610 బోర్డు, 16 జీబీ ర్యామ్, ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఒక పాత హార్డ్ డిస్క్. మొదట చిన్న గ్రాఫిక్ కార్డ్ ఉండేది, దాన్ని తీసేసి ఈమధ్య ఆర్‌టీఎక్స్ 3060 వేశాను. కూలర్ ప్రాసెసర్ డబ్బాలో వచ్చిందే. ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌తో పాటే వచ్చింది, మీద 450 వాట్స్ అని రాసి ఉంది. గది డాబా మీద, పైన స్లాబ్ తప్ప ఇంకేం లేదు, మధ్యాహ్నం పూట ఎట్లుంటుందో ఓరుగల్లు ఎండ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇల్లు పత్తి వచ్చే ఎనుమాముల మార్కెట్ వైపు.

టెంపరేచర్ చూస్తే ఎక్స్‌పోర్ట్ అప్పుడు ప్రాసెసర్ 90 దాటుతోంది, ప్రాసెసర్‌కు ఫుల్ లోడ్ ఇచ్చే సినీబెంచ్ టెస్ట్ పెడితే 100కు పోయి అక్కడే నిలబడుతోంది. మా బావమరిది లిక్విడ్ కూలర్ కొనెయ్, అంతా సెట్ అయిపోతుంది అంటున్నాడు. అంత డబ్బు పెట్టే ముందు ఒకసారి మిమ్మల్ని అడుగుదామని. హీట్ వల్లే ఆగిపోతోందా? పెళ్లి పార్టీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు, టెన్షన్‌గా ఉంది.


కాజీపేట జంక్షన్

ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పెట్టే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది అన్నా. కూలర్ ఊడదీసి పాత పేస్ట్ తుడిచి కొత్తది పెట్టు, పెసరగింజ కంటే కొంచెం పెద్ద చుక్క మధ్యలో పెడితే చాలు, బిగిస్తే అదే పరుచుకుంటుంది. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడు, సెల్‌ఫోన్ రిపేర్ షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. శానిటైజర్ వద్దు, దాంట్లో జెల్లు, వాసన నూనెలు కలుస్తాయి.


గోదావరిఖని తమ్మి

నేనుండే చోట బొగ్గు దుమ్ము సంగతి తెలిసిందే కదా, కొన్ని వారాలు వదిలేస్తే కూలర్ రెక్కల మధ్య నల్లటి పొర కట్టేస్తుంది. అన్నది ఎనుమాముల వైపు అంటే పత్తి నూగు గ్యారంటీగా ఉంటుంది. పత్తి దుమ్ము మన బొగ్గు దుమ్ము కంటే దొంగది, ఎందుకంటే పైనుంచి ఫ్యాన్ చూస్తే నీట్‌గానే కనిపిస్తుంది, కానీ ఫ్యాన్‌కూ దాని కింద ఉండే అల్యూమినియం రెక్కలకూ మధ్యలో దూది చాప పరిచినట్టు పేరుకుపోతుంది. టార్చ్ పెట్టి ఫ్యాన్ ఆకుల సందులోంచి చూడు.

బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో పట్టుకొని కొట్టు. గాలి వేగానికి అది దాని కెపాసిటీ మించి తిరిగితే బేరింగ్ పోతుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలికి కూడా వెనక జాలీలోంచి కొట్టు, విప్పకు మాత్రం. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ పైపు బోర్డు మీద పెట్టొద్దు, స్టాటిక్ వస్తుంది.


సోల్డర్ అన్న, కరీంనగర్

తమ్మీ, పైన ఇద్దరు చెప్పిన పనులు ఎలాగూ చెయ్యాల్సినవే, చెయ్యి. కానీ నువ్వు రెండు వేర్వేరు జబ్బుల్ని ఒకటే అనుకుంటున్నావేమో అని నా అనుమానం. కొంచెం ఓపికగా చదువు.

ఇంటెల్ 12400ఎఫ్‌కి గరిష్ఠ టెంపరేచర్ 100 డిగ్రీలు. అక్కడికి పోగానే ప్రాసెసర్ ఆగిపోదు, తన స్పీడు తానే తగ్గించుకుంటుంది. దాన్నే థ్రాట్లింగ్ అంటారు. నువ్వే రాశావు కదా, 100కు పోయి అక్కడే నిలబడుతోందని. అది థ్రాట్లింగ్ తన పని తాను చేస్తున్న గుర్తు. పని నెమ్మదిస్తుంది, ఎక్స్‌పోర్ట్ ఆలస్యం అవుతుంది, కానీ సిస్టమ్ ఆగదు. స్పీడు తగ్గించుకున్నా వేడి అదుపులోకి రాకుండా 100 కంటే ఇంకా చాలా పైకి పోతేనే ఆఖరి రక్షణగా పవర్ కట్ చేస్తుంది. అది జరగాలంటే మామూలుగా కూలర్ ఊడి పక్కకు పడాలి, లేదా కూలర్‌కీ ప్రాసెసర్‌కీ అసలు తగులుడే ఉండకూడదు. అలాంటప్పుడు సినీబెంచ్ దాకా రానివ్వదు, విండోస్ లోడ్ అయ్యేలోపే ఆగుతుంది.

ఇక రెండోది. ఆగిన తర్వాత ముందు బటన్ పని చెయ్యట్లేదు, వెనక స్విచ్ ఆపి వేస్తేనే వస్తోంది అన్నావు చూడు, నీ పోస్టు మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అది. ప్రాసెసర్ వేడికి బోర్డు పవర్ ఆపితే ఎస్‌ఎంపీఎస్ మామూలు స్టాండ్‌బైలోనే ఉంటుంది, కొంచెం చల్లారాక బటన్ నొక్కితే లేస్తుంది. అదే ఎస్‌ఎంపీఎస్ తన మీద పడిన లోడ్ తట్టుకోలేక తానే ట్రిప్ అయితే లాక్ అయి కూర్చుంటుంది, మెయిన్స్ తీసి కాసేపు ఆగితేనే ఆ లాక్ వదులుతుంది. అన్నిటికీ ఇదే రూలు అనను, కానీ నా బల్ల మీదకు వచ్చినవాటిలో ఎక్కువ ఇట్లాగే ఉంటాయి.

కాబట్టి పైసా ఖర్చు పెట్టకముందు ఈ సంగతులు చెప్పు. ఎస్‌ఎంపీఎస్ పక్కన స్టిక్కర్ ఉంటుంది, దాంట్లో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంప్స్ అని రాసి ఉందో చూడు. 450 అన్న పెద్ద అంకెను పట్టించుకోకు. 3060కి 8 పిన్ కేబుల్ ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా వచ్చిందా, లేక కన్వర్టర్ పెట్టావా? విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో కర్నల్ పవర్ 41 ఉందేమో చూడు, దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (క్రాష్ కారణం నంబరు) ఎంత ఉందో చెప్పు. ఆ 41 దానంతట అది ఏమీ తేల్చదు, సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగింది అని మాత్రమే చెప్తుంది, నెట్‌లో చాలామంది దాన్నే రోగం పేరు అనుకుంటారు. కానీ కోడ్ సున్నా ఉంటే విండోస్‌కు క్రాష్ రాసుకునే టైమ్ కూడా దొరకలేదని అర్థం.

చివరగా సెన్సార్ రీడింగులు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ వేసుకొని సెన్సార్లు తెరిచి, రీడింగ్ గ్యాప్‌ను అర సెకనుకు తగ్గించి, లాగింగ్ ఆన్ చేసి ఎక్స్‌పోర్ట్ పెట్టు. ఆగిపోయాక ఆ ఫైల్ ఎక్సెల్‌లో తెరిస్తే ఆఖరి వరుసలో ఆ క్షణానికి ప్రాసెసర్ ఎంత, కార్డ్ ఎంత, ఎన్ని వాట్స్ లాగుతోందో ఉంటుంది. దాంతో ఊహలు పోతాయి.


నీలిరంగు ఆర్‌జీబీ

అందరూ పెద్ద పెద్దగా రాస్తున్నారు గానీ సింపుల్, స్టాక్ కూలర్ (డబ్బాలో వచ్చేది) చెత్త. మన ఎండలకు 240 ఎంఎం లిక్విడ్ కూలర్ పెట్టుకోవాల్సిందే. నేను పెట్టాను, ఏ ప్రాబ్లమ్ లేదు.


సోల్డర్ అన్న, కరీంనగర్

స్టాక్ కూలర్ గొప్పది అని నేనూ అనను. కానీ 12400ఎఫ్ బేస్ పవర్ 65 వాట్స్, టర్బోలో గరిష్ఠం 117 వాట్స్. ఇంత దానికి లిక్విడ్ అక్కర్లేదు, రాగి పైపులున్న మామూలు టవర్ కూలర్ చాలు. పైగా లిక్విడ్ పెడితే ఇంకో తిప్పలుంది. హెచ్610 లాంటి తక్కువ ధర బోర్డుల్లో ప్రాసెసర్‌కు పవర్ ఇచ్చే వీఆర్‌ఎం భాగాల మీద చాలాసార్లు హీట్‌సింక్ కూడా ఉండదు. స్టాక్ కూలర్ గాలి కిందికి కొడుతుంది కాబట్టి చుట్టూ ఉన్న వాటికి ఆ గాలి తగులుతుంది. లిక్విడ్ పెడితే ఆ గాలి పోతుంది, ప్రాసెసర్ చల్లగా ఉంటుంది, వీఆర్‌ఎం కాలుతుంది. అది కూడా షట్‌డౌన్ తెస్తుంది, ఎక్కువగా స్పీడు ఒక్కసారిగా పాతాళానికి పడిపోతుంది. ఇప్పుడు ఉన్న సమస్య తేలకముందే కొత్తది కొని తెచ్చుకోవడం దేనికి?

ఇంకోటి, ఏ కూలర్ వేసినా గదిలో గాలి ఎంత వేడిగా ఉందో దానికంటే కిందికి తేలేదు. గది పది డిగ్రీలు పెరిగితే లోపల టెంపరేచరూ దాదాపు అంతే పెరుగుతుంది. జనవరిలో 75 ఉన్న సిస్టమ్ మేలో 90 చూపిస్తే ఏదో పాడైందని కాదు.


డాబా ఎడిటర్, హన్మకొండ

అన్నా ఓపికగా రాసినందుకు థాంక్స్. అడిగినవి అన్నీ చూశాను.

స్టిక్కర్ మీద 12 వోల్టుల కింద 16 ఆంప్స్ అని ఉంది. 8 పిన్ కేబుల్ ఎస్‌ఎంపీఎస్‌కు లేదు, హార్డ్ డిస్కులకు ఇచ్చే పాత నాలుగు పిన్నుల కనెక్టర్ల నుంచి 8 పిన్నుకు కన్వర్టర్ వేశాం, కార్డ్ అమ్మిన షాపువాడే ఇచ్చాడు, అందరూ ఇదే వాడతారు అన్నాడు. ఈవెంట్ వ్యూయర్‌లో 41 వరసగా ఉన్నాయి, అన్నిట్లో బగ్‌చెక్ కోడ్ 0.

లాగ్ చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఎక్స్‌పోర్ట్‌లో ఆగిన క్షణానికి ప్రాసెసర్ 83 డిగ్రీలు, కార్డ్ 71. పక్కన కార్డ్ పవర్ 168 వాట్స్ ఉంది. తర్వాత ఉత్తి సినీబెంచ్ ఒక్కటే పెట్టి వదిలేశాను, 100 దగ్గర నిలబడి గిలగిల కొట్టుకుంది గానీ ఆగలేదు. స్పీడు మాత్రం 3 గిగాహెర్ట్జ్ కిందికి పడింది. అంటే 100లో ఆగనిది 83లో ఆగుతోంది.

కానీ ఒక్క డౌట్. పాత చిన్న కార్డ్ ఉన్నప్పుడు కూడా ఇదే ఎస్‌ఎంపీఎస్, ఎప్పుడూ ఆగలేదు. ఇది పాడైపోయిందా, లేక మొదటి నుంచీ ఇంతేనా? ఇంకా, మధ్యాహ్నం పూటే ఎక్కువ ఆగుతుంది, రాత్రి తక్కువ. అందుకే నేను హీట్ అనుకున్నది.


సోల్డర్ అన్న, కరీంనగర్

లెక్క నువ్వే చేసుకో. 12 వోల్టులు గుణించు 16 ఆంప్స్, 192 వాట్స్. ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డ్ రెండూ తినేది ఈ 12 వోల్టుల లైన్ మీదే. 3060 ఒక్కటే 170 వాట్స్ కార్డ్, పైగా రెప్పపాటు సేపు దానికి మించి లాగుతుంది, ఆ లాగుడు నీ లాగ్‌లో కనిపించనంత చిన్నది. దానికి ప్రాసెసర్ 65 నుంచి 117 వరకు కలుపు, ఫ్యాన్లు, డిస్క్ మోటారు కలుపు. 192 ఎక్కడ, ఇది ఎక్కడ? మిగతా వాట్స్ అంతా 5 వోల్టులు, 3.3 వోల్టుల లైన్లలో చూపించి పైన 450 అని పెద్దగా అచ్చేస్తారు. ఆ లైన్ల మీద ఇప్పటి సిస్టమ్ తినేది చాలా తక్కువ. అంటే పాడైపోయిందని కాదు, మొదటి నుంచీ అంతే. పాత చిన్న కార్డ్ 75 వాట్స్ లోపు, స్లాట్ నుంచే తీసుకునే రకం అయి ఉంటుంది, దానికి సరిపోయింది.

సినీబెంచ్‌లో ఎందుకు ఆగలేదంటే అక్కడ కార్డ్ ఖాళీగా ఉంది. రిజాల్వ్ ఎక్స్‌పోర్ట్‌లో రెండూ ఒకేసారి పని చేస్తాయి.

మధ్యాహ్నం ఎక్కువ ఎందుకు అన్నావు, అది మంచి ప్రశ్న. వేడిలో ఎస్‌ఎంపీఎస్ కూడా బలం తగ్గుతుంది. చవక రకాల వాటి స్టిక్కర్ మీద ఉన్న అంకె చల్లటి గదిలో లెక్క, నీ డాబా మీద మే నెల లెక్క కాదు. దానికి తోడు మధ్యాహ్నం వోల్టేజీ కూడా పడిపోతుండొచ్చు. మన దగ్గర ఇంటికి రావలసింది 230 వోల్టులు, దానికంటే కొంత తగ్గడం మామూలే. వోల్టేజీ తగ్గితే అదే పవర్ కోసం ఎస్‌ఎంపీఎస్ ఎక్కువ కరెంటు లాగాలి, ఇంకా వేడెక్కుతుంది. కాబట్టి హీట్ సంబంధం నిజంగానే ఉంది, నువ్వు చూసింది తప్పు కాదు, వేడెక్కుతున్న వస్తువు వేరేది.

ఆ కన్వర్టర్ గురించి గట్టిగా చెప్తున్నా, సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసి, దాన్ని ఇప్పుడే విప్పి చూడు. ప్లాస్టిక్ పసుపు రంగుకో గోధుమ రంగుకో తిరిగిందా, కమురు వాసన వస్తోందా అని. పాత నాలుగు పిన్నుల కనెక్టర్‌లో 12 వోల్టుల వైరు ఒక్కటే ఉంటుంది, ఇటువైపు 8 పిన్నులో మూడు వైర్లు 150 వాట్స్ వరకు మోసేలా పెట్టారు. పిన్ను కొంచెం లూజుగా ఉంటే అక్కడే కాలి కరుగుతుంది. షట్‌డౌన్ అయితే పని పోతుంది, ఇది అంటుకుంటే ఇల్లు పోతుంది.

కొత్తది కొనేలోపు రుజువు కావాలంటే ఫ్రీగా ఒక పరీక్ష ఉంది. గ్రాఫిక్ కార్డ్ సెట్టింగులు మార్చే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ గీతను 60 శాతం దగ్గరికి లాగు, కార్డ్ వంద వాట్స్ చుట్టుపక్కల ఆగుతుంది. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూ) ప్రాసెసర్ పవర్ హద్దులైన పీఎల్1, పీఎల్2 రెండూ 65 వాట్స్ పెట్టు. కొన్ని బోర్డులు ఇక్కడ ఫ్యాక్టరీలోనే 4096 వాట్స్ అని, అంటే హద్దే లేకుండా పెట్టేస్తాయి, అది కూడా నీ 100 డిగ్రీలకు ఒక కారణం కావచ్చు. ఇలా పెట్టి అదే ప్రాజెక్ట్ మధ్యాహ్నం పూటే ఎక్స్‌పోర్ట్ చెయ్యి. ఆగకుండా పూర్తయితే తేలినట్టే. కన్వర్టర్ కాలిన గుర్తు ఉంటే మాత్రం ఈ పరీక్ష కూడా వద్దు, కార్డ్ తీసేసి పాతది పెట్టుకో.

100 డిగ్రీల సంగతి విడిగా చూడాలి. ఇంటెల్ డబ్బా కూలర్‌కు నాలుగు మూలలా నొక్కుడు పిన్నులు ఉంటాయి. అందులో ఒక్కటి సరిగా దిగకపోయినా ఆ మూల కూలర్ లేచి ఉంటుంది, ఫ్యాన్ మాత్రం మామూలుగానే తిరుగుతుంది, పైనుంచి చూస్తే ఏం తెలియదు. క్యాబినెట్ వెనక రేకు తీసి బోర్డు వెనక వైపు నుంచి చూడు. నాలుగు చోట్లా తెల్ల కాళ్ల మధ్యలోంచి నల్ల పిన్ను బయటికి వచ్చి, కాళ్లు విచ్చుకొని ఉండాలి. ఒక్క చోట అలా లేకపోతే అదే దొంగ. తియ్యాలంటే పిన్ను తల మీద ఉన్న బాణం గుర్తు వైపు తిప్పి పైకి లాగాలి. మళ్లీ పెట్టేముందు బాణానికి ఎదురు వైపు తిప్పి మొదటి స్థితికి తెచ్చుకొని, ఎదురెదురు మూలలు జతగా టక్‌మని సప్పుడు వచ్చేదాకా నొక్కాలి. ఒకసారి తీశాక పాత పేస్ట్ మళ్లీ పనికిరాదు, కాజీపేట తమ్ముడు చెప్పినట్టు తుడిచి కొత్తది పెట్టు.


కాజీపేట జంక్షన్

ఈ పిన్నుల దగ్గర చిన్న చిట్కా. నొక్కేటప్పుడు బోర్డు కింద విల్లులా వంగుతుంది, భయపడకు, కానీ క్యాబినెట్‌లోనే ఉంచి నొక్కే బదులు బోర్డు బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి చేస్తే వెనక పిన్ను దిగిందా లేదా అప్పటికప్పుడు చూసుకోవచ్చు. పెట్టె మీద పెడితే పిన్ను కింద ఖాళీ ఉండేలా చూసుకో, లేకపోతే అది కిందికి తగిలి దిగదు. ప్రాసెసర్ ఫ్యాన్ వైరు బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే పెట్టావా అది కూడా చూడు.


ఇన్వర్టర్ బాబాయ్, జమ్మికుంట

మధ్యలో వస్తున్నా. అబ్బాయి ఇన్వర్టర్ సంగతి చెప్పలేదు. మా ఇంట్లో ఇలాగే కంప్యూటర్ ఆగిపోతుంటే ఎన్నో మార్చాం, చివరికి చూస్తే ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఎకో మోడ్‌లో ఉంది. ఆ మోడ్‌లో కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి ఎక్కువ టైమ్ తీసుకుంటుంది, ఫ్యాన్లు లైట్లకు తెలియదు, కంప్యూటర్ మాత్రం పడిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో తొందరగా మారుతుంది. అలాగని యూపీఎస్ మోడ్ పెడితే వోల్టేజీ ఒక 180 కిందికి పోతే కరెంటు ఉన్నా బ్యాటరీ మీదికి పోతుంది, లో వోల్టేజీ ఉండే ఊళ్లో బ్యాటరీ తొందరగా అయిపోతుంది. దేని బాధ దానిది.


సోల్డర్ అన్న, కరీంనగర్

బాబాయ్ చెప్పింది సరైన మాటే. ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ కరెంటు తెగినా దాదాపు 16 మిల్లీసెకన్లు లోపలున్న కెపాసిటర్ మీద నిలబడాలని లెక్క, చవకవి ఫుల్ లోడ్ మీద అంత కూడా నిలబడవు. కానీ ఆ కేసులో మామూలుగా సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది, లేదా బటన్ నొక్కితే లేస్తుంది, ఇలా లాక్ అవ్వడం తక్కువ. తమ్మీ, ఎందుకైనా మంచిది, పరీక్ష చేసేటప్పుడు ఇన్వర్టర్ లైన్ కాకుండా వేరే ప్లగ్‌లో పెట్టు. మూడు పిన్నుల ప్లగ్, ఎర్తింగ్ ఉన్నది. క్యాబినెట్ రేకు ముట్టుకుంటే చురుక్కుమంటోందా? అంటే ఎర్తింగ్ లేనట్టే, అది విడిగా ఎలక్ట్రీషియన్‌తో చూపించుకో.


డాబా ఎడిటర్, హన్మకొండ

అప్‌డేట్. ముందు కన్వర్టర్ విప్పాను. రెండు నాలుగు పిన్నుల కనెక్టర్లలో ఒకదానికి పసుపు వైరు ఉన్న రంధ్రం అంచు గోధుమ రంగులోకి తిరిగింది, ప్లాస్టిక్ కొంచెం మెత్తబడినట్టు ఉంది. చూసి ఒళ్లు జలదరించింది. ఇంక 3060 తీసేసి పాత చిన్న కార్డ్ పెట్టుకొని, ఇన్వర్టర్ లేని లైన్ మీద అదే ప్రాజెక్ట్ ఎక్స్‌పోర్ట్ పెట్టాను. చాలా స్లోగా నడిచింది గానీ మిట్టమధ్యాహ్నం కూడా ఒక్కసారీ ఆగలేదు. ఒక లగ్గం వీడియో ఆ విధంగానే అయిపోయి పార్టీకి చేరింది.

కూలర్ కూడా చూశాను. బోర్డు వెనక మూడు పిన్నులు సరిగా ఉన్నాయి, వీఆర్‌ఎం వైపున్న నాలుగోది సగమే దిగి ఉంది. రెక్కల మధ్యలో గోదావరిఖని తమ్ముడు చెప్పిన దూది చాప నిజంగానే ఉంది, చిమటాతో పట్టి లాగితే ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. అంతా శుభ్రం చేసి, పేస్ట్ మార్చి, నాలుగు పిన్నులూ దింపి, పవర్ లిమిట్ 65 పెట్టాక సినీబెంచ్‌లో ఇప్పుడు 78 దగ్గర ఉంటోంది. గదిలో గోడ మీది థర్మామీటర్ 37 చూపిస్తున్నప్పటి సంగతి ఇది. లిక్విడ్ కూలర్ డబ్బులు మిగిలాయి, వాటితోనే ఎస్‌ఎంపీఎస్ కొందామని. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు పోయే స్నేహితుడు ఉన్నాడు, ఏం తెమ్మనాలి?


సోల్డర్ అన్న, కరీంనగర్

3060కి ఎన్విడియా చెప్పేది 550 వాట్స్. అది చాలు, ముందు ముందు కార్డ్ మారుస్తావంటే 650 తీసుకో, తేడా పెద్దగా ఉండదు. 80 ప్లస్ బ్రాంజ్ అయినా ఉండాలి, కానీ ఆ ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పేది మాత్రమే, లోపల రక్షణలు బాగున్నాయని దాని అర్థం కాదు. అందుకే మళ్లీ స్టిక్కరే చూడమను. 550 వాట్స్ దాంట్లో 12 వోల్టుల లైన్ ఒక్కటే 500 వాట్స్‌కు అటూ ఇటూగా ఉండాలి, అంటే 40 ఆంప్స్ పైన. 6+2 పిన్నుల కేబుల్ నేరుగా లోపల నుంచే వచ్చి ఉండాలి, వారంటీ ఐదేళ్లున్నది దొరికితే మంచిది. బిల్లు తప్పకుండా తీసుకొమ్మను, వారంటీకి మళ్లీ మొదటి ప్రశ్న అదే అడుగుతారు.

ఒకవేళ కేబుల్స్ ఊడే మాడ్యులర్ రకం తెస్తే, దాంతో వచ్చిన కేబుల్స్ తప్ప వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుల్స్ పెట్టొద్దు. చూడ్డానికి ఒకేలా దిగుతాయి, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీ కంపెనీకి మారుతుంది. 12 వోల్టులు 5 వోల్టుల చోటికి పోయి హార్డ్ డిస్క్ కాలిపోయిన కేసులు నా దగ్గరికి వచ్చాయి, నీ దాంట్లో పెళ్లిళ్ల ఫుటేజీ ఉంది, జాగ్రత్త.

ఆ గోధుమ రంగు తిరిగిన కన్వర్టర్ ఇంకెవరికీ ఇవ్వకు, తుంచి పారెయ్. పాత ఎస్‌ఎంపీఎస్ గ్రాఫిక్ కార్డ్ లేని ఆఫీసు సిస్టమ్‌కు పనికొస్తుందేమో గానీ, ఆ కాలిన కనెక్టర్ ఉన్న వైరు మాత్రం దేనికీ తగిలించొద్దు. విప్పి బాగుచేద్దామని కూర్చోకు, ప్లగ్ తీసినా లోపల పెద్ద కెపాసిటర్‌లో మూడు వందల వోల్టులకు పైనే కాసేపు నిలిచి ఉంటుంది.


నీలిరంగు ఆర్‌జీబీ

సరే సరే, లిక్విడ్ వద్దు. కానీ టవర్ కూలర్ అయినా పెట్టుకోవచ్చు కదా, 78 కూడా తక్కువేం కాదు.


కాజీపేట జంక్షన్

పెట్టుకోవచ్చు, రెండు కొలతలు చూసుకొని. 12వ తరం ఇంటెల్ సాకెట్ ఎల్‌జీఏ 1700కు కూలర్ రంధ్రాల మధ్య దూరం 78 మిల్లీమీటర్లు, అంతకుముందు వాటికి 75. పాత సిస్టమ్ నుంచి తీసిన కూలర్ ఎల్‌జీఏ 1700 కిట్ లేకుండా కూర్చోదు. రెండోది ఎత్తు, డీప్‌కూల్ ఏకే400 లాంటిది 155 మిల్లీమీటర్లు, సన్న క్యాబినెట్ అయితే పక్క అద్దం మూత పడదు. నన్నడిగితే ముందు క్యాబినెట్ వెనకాల ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టమంటా. ఫ్యాన్‌కు ప్లాస్టిక్ ఫ్రేమ్ కమ్మీలు అడ్డంగా ఉన్న వైపు నుంచి గాలి బయటికి పోతుంది, ఆ వైపు బయటికి ఉండాలి.


సీతాఫలం, మంచిర్యాల

అన్నా నాది రైజెన్ 5 5600. నాదీ ఇట్లనే, కానీ గేమ్ ఆడుతుంటే ఏం కాదు, ఊరికే డెస్క్‌టాప్ మీద వదిలేస్తే రీస్టార్ట్ అవుతుంది. నేను కూడా ఎస్‌ఎంపీఎస్ మార్చాలా? కూలర్ తీసి పేస్ట్ కూడా మార్చుదామనుకుంటున్నా.


సోల్డర్ అన్న, కరీంనగర్

లోడ్ మీద నిలబడి ఖాళీగా ఉన్నప్పుడు పడిపోతోందంటే ఇది డాబా ఎడిటర్ కేసుకు పూర్తిగా తిరగబడ్డ కేసు. ముందు బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని ఉంటుంది వెతుకు, దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్ చెయ్యి. ప్రాసెసర్ నిద్రలోకి పోయి మరీ తక్కువ కరెంటు లాగితే కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు తట్టుకోలేవు. ర్యామ్ స్పీడు పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ఉంటే అది కూడా ఒకసారి ఆపి చూడు. బయోస్ వెర్షన్ పాతదైతే అప్‌డేట్ చెయ్యి, కరెంటు నమ్మకంగా ఉన్న టైమ్‌లో.

కూలర్ తీసేముందు సిస్టమ్‌ను కాసేపు గేమ్ ఆడి వేడి చెయ్యి, ఆపి ప్లగ్ తీశాక కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చెయ్యి, నేరుగా పైకి లాగకు. నీ రైజెన్ సాకెట్ ఏఎం4లో లివర్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూలర్‌కు అతుక్కొని సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. మిగతా వివరాలు వేరే పోస్టు పెట్టి రాయి, బోర్డు పేరు, ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ ఫోటో రెండూ పెట్టు, రాత్రికి చూస్తా.